తలుపు దగ్గరి సీను

ఆ వీధిలో ఆమెను చిన్నా పెద్దా అందరూ సీనమ్మ అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టినవాడు ఆమె మొగుడే. వీధి మలుపులో ఆయనకు గడియారాలు బాగుచేసే దుకాణం ఉండేది, దుకాణం వెనక ఇల్లు. నోరు విప్పితే చుట్టూ నలుగురు పడి పడి నవ్వాలి, లేకపోతే ఆయనకు ఆ పూట అన్నం సహించేది కాదు. జోకు వేయాలంటే మనిషి కావాలి కదా, ఎప్పుడూ చేతికందే మనిషి పెళ్లాం. “మా ఆవిడ సినిమా యాక్టరండీ. ఆవిడున్న ముక్క తప్ప మిగతా సినిమా అంతా బాగా ఆడింది” అని, వాచీకి బెల్టు వేయించుకోవడానికి వచ్చిన కొత్త మనిషికి కూడా చెప్పేవాడు. కొన్నేళ్ల తర్వాత కుర్రకారు నోట ‘అంత సీను లేదు’ అనే మాట పుట్టాక ఆయన పని మరీ సులువైపోయింది. “మా ఆవిడకి అంత సీను లేదురా!” అని బల్ల మీద చరిచేవాడు. బల్ల మీదున్న బుల్లి బుల్లి మరలు ఎగిరిపడేవి. వెనక గదిలో ఆమె అది విని, కూరలో ఒకసారి వేసిన ఉప్పు మళ్లీ వేసేది.

అబద్ధమైతే తనూ నవ్వి ఊరుకునేదే. నిజం కాబట్టే ఒళ్లు మండేది.

పెళ్లికి ముందు, పదిహేడో ఏట, ఆమె ఒక సినిమాలో కనిపించింది. వాళ్లమ్మ స్టూడియోలో బట్టల గదిలో పనిచేసేది. ఊడిన గుండీలు కుట్టడం, వదులైన చొక్కాలు బిగించడం, మెడపట్టీల మీద రంగు మరకలు పోగొట్టడం ఆవిడ పని. ఒకరోజు అమ్మకు క్యారేజీ ఇవ్వడానికి ఈమె వెళ్లింది. ఆ పూట ఒక చిన్న వేషం వేయాల్సిన అమ్మాయికి గవదబిళ్లలు వచ్చి బుగ్గలు పొంగిపోయాయి. హీరోకేమో మళ్లీ ఖాళీ దొరకదు. డైరెక్టరు అటూ ఇటూ చూసి, “ఆ గుండీలు కుట్టే ఆవిడ కూతుర్ని తలుపు దగ్గర నిలబెట్టండి” అన్నాడు.

కథలో హీరో చేయని నేరానికి జైలుకెళ్లి, ఏళ్ల తర్వాత బయటికొస్తాడు. తిన్నగా ఇంటికెళ్లి తలుపు తడతాడు. తల్లి తీస్తుందనుకుంటాడు. తీసింది ముక్కూమొహం తెలియని అమ్మాయి. తల్లి ఎప్పుడో పోయింది, ఇల్లు వేరేవాళ్లు కొనుక్కున్నారు. ఆ అమ్మాయి చెప్పాల్సింది రెండే ముక్కలు: “ఆవిడున్నన్నాళ్లూ ఈ తలుపుకి గడియే పెట్టలేదంట. మేం వచ్చాకే పెడుతున్నాం.” అది విని హీరో మెట్టు మీద కూలబడి ఏడుస్తాడు. చాలాసేపు ఏడుస్తాడు. ఆ అమ్మాయి లోపలికెళ్లి గ్లాసుడు నీళ్లు తెచ్చి పక్కన పెట్టి, ఏం చేయాలో తోచక అలాగే నిలబడుతుంది.

“ఏడవకు, జాలిపడకు” అన్నాడు డైరెక్టరు. “ఎవరో అడ్రసు తప్పి మీ ఇంటికొచ్చారనుకో, చాలు.” ఆమె అలాగే అనుకుంది. మొదటిసారి గ్లాసు గడపకు తగిలి నీళ్లు ఒలికాయి. తర్వాత హీరోకు దగ్గొచ్చింది. ఆ తర్వాత కుదిరింది. అంత పెద్ద హీరో మొహం తుడుచుకుంటూ లేచి, “బాగా చెప్పావమ్మా” అన్నాడు. ఇంటికొచ్చాక ఆ మాట ఆయన ఎలా అన్నాడో అమ్మ చేత పదే పదే చెప్పించుకుంది.

సినిమా విడుదలైన మొదటి వారంలోనే తల్లీకూతుళ్లు వెళ్లి చూశారు. తలుపు తెరుచుకుంది. తెర నిండా మొహం, తనదే. గొంతూ తనదే. హాల్లో కిక్కురుమన్నవాడు లేడు. ముందు వరసల్లో ఎవరో ముక్కు చీదుకున్నారు. అమ్మ ఆమె చెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్లు దిగాయి.

ఆ తర్వాత నెల తిరక్కుండానే పెళ్లయింది. కొత్త కోడలు ఉబలాటం ఆపుకోలేక ఒకరోజు చెప్పేసింది. “అత్తయ్యా, నేను సినిమాలో ఉన్నాను.” అత్తగారు ముందు నోరు వెళ్లబెట్టింది, తర్వాత మురిసిపోయింది. చుట్టుపక్కల ఇళ్లకు తనే వెళ్లి చెప్పుకొచ్చింది. ఆదివారం మంచి బట్టలు కట్టుకుని అత్తగారు, మొగుడు, ఇద్దరు పొరుగమ్మలు, వాళ్ల పిల్లలు, అంతా కలిసి బయల్దేరారు. విశ్రాంతి అయిపోయాక ఆమె కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది. జైలు గేటు తెరుచుకుంది. హీరో కాలు బయట పెట్టాడు. “ఇప్పుడే, ఇప్పుడే” అంది అత్తగారి మోచెయ్యి పట్టుకుని. ఆ పెట్టిన కాలు పెట్టినట్టే వెళ్లి విలన్ గోదాము తలుపును తన్నింది. తలుపు విరిగింది, ఫైటు మొదలైంది, హాలు హోరెత్తిపోయింది.

రీళ్లు తారుమారై ఉంటాయనుకుంది. చివరిదాకా చూసింది. దీపాలు వెలిగాయి.

“ఏదే? నేను తల తిప్పినప్పుడు గాని పోయిందా?” అంది అత్తగారు.

బయటికొచ్చేటప్పుడు గేటు దగ్గర టికెట్లు చింపేవాణ్ణి ఆమే అడిగింది. “ఆ ముక్కా? హీరో ఏడుస్తుంటే కుర్రాళ్లు గోల చేస్తున్నారని తీసేశారమ్మా. అన్ని ఊళ్లలోనూ తీసేశారంట” అన్నాడు వాడు. ఆమె పరుగున వచ్చి అదే చెప్పింది. అత్తగారు పొరుగమ్మల వైపు చూసి, “విన్నారా, అంత సినిమాలో వెతికి వెతికి సరిగ్గా మా కోడలిదే తీశారంట” అంది. దారిలో మొగుడు ఆ మాటకు ఇంకో రెండు కలిపాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు రుచి ఆయనకు అలా తగిలింది, ఇక జన్మలో వదల్లేదు.

సాక్ష్యం చెప్పడానికి వాళ్లమ్మ ఉంది. చెప్పింది కూడా. కూతురి తరఫున తల్లి చెప్పే మాట ఎవరికి ఆనుతుంది? కొన్నేళ్లకు ఆవిడా పోయింది. ఆ సీను చూసినట్టు చెప్పే మనిషి ఇంకెవరూ లేకుండా పోయారు.

కొడుకు పుట్టాక దుకాణం మీద వచ్చేది చాలక ఆమె ఆసుపత్రిలో బట్టలుతికే విభాగంలో చేరింది. రోజంతా ఆవిరి, మందుల వాసన. మూటలు విప్పి, దుప్పటి మడతల్లో సూదులు, దూది ఉన్నాయేమో తడిమి చూసి, మరక ఉన్నవి ఒక కుప్ప, లేనివి ఒక కుప్ప వేయాలి. ఆరిన దుప్పట్లను ఇద్దరు చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నడిచి మడతపెట్టాలి. ఆమెకు జోడీగా పనిచేసే ఆవిడకు ఒకసారి ఈ కథంతా చెప్పింది. ఆవిడ కొసలు కలిపి చేతికిస్తూ, “నువ్వు చెబుతున్నావుగా, ఉండే ఉంటుందిలే” అంది. నమ్మినట్టూ కాదు, నమ్మనట్టూ కాదు. ఆ మాత్రం మర్యాద కూడా ఇంట్లో దొరకలేదు ఆమెకు.

సినిమా మాత్రం చావలేదు. హీరో పోయాడు, ఆ తరం థియేటర్లు పోయాయి, అది మాత్రం ఏదో ఒక వంకన మళ్లీ మళ్లీ విడుదలవుతూనే ఉంది. టీవీలు వచ్చాక అందులో వేశారు. పైగా ఆ గేటు దగ్గర కాలు, గోదాము దగ్గర తన్ను ఉన్నాయి చూశారూ, ఆ రెండూ అలా అతుక్కోవడమే ఆ సినిమాకు ప్రాణమైపోయింది. ‘గేటు-తన్ను’ అని దానికి పేరు. పిల్లలు వీధిలో అలా అడుగేసి ఇలా తన్నేవారు. పెద్ద పెద్ద వ్యాసాలు రాశారు, మధ్యలో ఉన్న దుఃఖాన్నంతా ఒక్క కత్తిరింపులో చెప్పేసిన మేధావి అని డైరెక్టర్ని ఆకాశానికెత్తారు. ముసలితనంలో ఆయన్ని టీవీలో కూర్చోబెట్టి అదే అడిగారు. ఆసుపత్రి నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా ఆమె ఆ టీవీ ముందు నిలబడింది. ఇప్పుడైనా చెబుతాడనుకుంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, చిన్నగా నవ్వి, “అప్పట్లో అలా తోచింది, చేశాం” అన్నాడు.

“చూశావా? ఆయనే చెబుతున్నాడు” అన్నాడు మొగుడు.

ఆమె ఆ రాత్రి అన్నం తినలేదు. ఎవరూ ఎందుకని అడగలేదు.

కొడుక్కి ఆ సినిమా పిచ్చి తండ్రి నుంచి వచ్చింది. మొదటిసారి తండ్రి భుజాల మీద కూర్చుని చూశాడు. పెద్దవాడై లిఫ్టులు బిగించే కంపెనీలో సూపర్‌వైజరయ్యాడు, పెళ్లి చేసుకున్నాడు, ఒక కూతురు పుట్టింది. అయినా హీరో అభిమాన సంఘం పని వదల్లేదు, కొన్నాళ్లకు దానికి కార్యదర్శి కూడా అయ్యాడు. తండ్రిలా వెటకారం చేసేవాడు కాదు. తల్లి ఎప్పుడైనా ఆ మాటెత్తితే, “అమ్మా, నువ్వు చేసింది వేరే సినిమా అయి ఉంటుంది. చిన్నప్పటి సంగతి కదా, కలగాపులగం అయిపోయి ఉంటుంది” అని సర్దిచెప్పేవాడు. మొగుడి వెటకారం కన్నా కొడుకు సర్దుబాటే ఆమెను ఎక్కువ కోసేది. ఒక్కోసారి నిజంగానే తనకు మతి పోయిందేమో అని అనుమానం వచ్చేది. అప్పుడు వంటగదిలోకి వెళ్లి ఆ రెండు ముక్కలూ నెమ్మదిగా అనుకునేది. మాటలు గుర్తున్నాయి గాని, అవి ఎవరి మొహం చూసి అందో ఆ మొహం రాన్రానూ మసకబారిపోయింది.

మొగుడు మంచాన పడ్డాడు. గొట్టాలు, సీసాలు, ఆమెకు బాగా తెలిసిన ఆసుపత్రి దుప్పటి. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆయన కళ్లు తెరిచి, జోకు కాకుండా మామూలుగా అడిగాడు.

“ఇప్పుడైనా చెప్పవే. నిజంగా ఉన్నావా అందులో?”

“ఉన్నానండీ.”

ఆయన దుప్పటి గుండెల మీదికి లాక్కున్నాడు. “సరేలే” అని కళ్లు మూసుకున్నాడు. ఎన్నిసార్లు తలుచుకున్నా ఆ ‘సరేలే’లో నమ్మకం ఎంతో, విసుగు ఎంతో ఆమెకు తేలలేదు. తేల్చుకుందామంటే ఆయన మిగల్లేదు.

మొగుడు పోయిన మరుసటి ఏడు, పాత సినిమాలు భద్రపరిచే సంస్థ నుంచి ఒక అమ్మాయి వెతుక్కుంటూ ఇంటికొచ్చింది. చేతిలో పెద్ద ఫోను లాంటి పలక. మూతపడ్డ ఒక కాలేజీ ఫిల్మ్ క్లబ్బు బీరువాలో ఆ సినిమా పూర్తి కాపీ దొరికిందట. మొదటి వారంలో ఆడినదట, ఎవరి కత్తెరా పడనిది. అందులో తలుపు తీసిన పిల్ల ఎవరా అని ఆరా తీస్తే, ఆ రోజుల్లో మేకప్ గదిలో పనిచేసిన ముసలాయన ఒకరు ‘గుండీలు కుట్టే ఆవిడ కూతురు’ అని చెప్పాడట.

“ఇది మీరేనా అమ్మా?” అని పలక తిప్పి చూపించింది.

తలుపు. తలుపులో పదిహేడేళ్ల పిల్ల. చేతిలో గ్లాసు.

ఆమె పలకను చేతిలోకి తీసుకుంది. లోపలున్న కొడుకును పిలిచింది. అతను తుండుతో తల తుడుచుకుంటూ వచ్చి, వంగి చూశాడు. కొడుకు మొహంలోకే చూస్తూ కూర్చుంది ఆమె. ఇన్నేళ్లు తనను అబద్ధాలకోరును చేసినవాళ్లలో మిగిలిన ఒకే ఒక్క మనిషి. వాడు ఇప్పుడు ‘అమ్మా’ అని ఒక్కసారి చెయ్యి పట్టుకుంటే చాలనుకుంది.

“నువ్వే!” అన్నాడు కొడుకు. కళ్లు పెద్దవయ్యాయి. “నిజంగా నువ్వేనమ్మా!” తర్వాత తుండు భుజాన వేసుకుని, ఆ అమ్మాయి వైపు తిరిగి, “అంటే... ఇది గేటుకీ తన్నుకీ మధ్యలో వస్తుందా?” అన్నాడు.

“అవునండీ.”

“మరి గేటు-తన్ను పోతుందే!”

ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వింది. “నిజం చెప్పాలంటే, మొదటిసారి చూసినప్పుడు నాకూ అదే అనిపించిందండీ. చిన్నప్పట్నుంచీ అలాగే అలవాటైపోయింది కదా” అంది.

సినిమా వార్షికోత్సవానికి ఆ పూర్తి కాపీని శుభ్రం చేసి, పెద్ద థియేటర్లో ‘అసలు రూపంలో’ అని విడుదల చేశారు. మొదటి ఆటకు ఆమెను పిలిచారు. కొడుకు, కోడలు, కాలేజీలో చదివే మనవరాలు వెంట వచ్చారు. హాలు కిటకిటలాడుతోంది. సగం మంది సంఘం వాళ్లే. ఛాతీ మీద పెద్ద కాలి బొమ్మ ఉన్న టీషర్టులు. సంస్థ అమ్మాయి వేదిక ఎక్కి ‘అసలు రూపం’ అనగానే ఈలలు మోగాయి. అసలంటే ఏమిటో అప్పటికి వాళ్లకు తెలియదు.

మొదటి సగం బ్రహ్మాండంగా నడిచింది. ప్రతి డైలాగూ హీరో కన్నా ముందే జనం చెప్పేస్తున్నారు. విశ్రాంతి తర్వాత జైలు గేటు వచ్చింది. హాలంతా లేచి నిలబడింది. గేటు తెరుచుకుంది, కాలు బయటపడింది, వందల గొంతులు ఒక్కసారిగా “తన్నూ!” అని అరిచాయి.

కాలు తన్నలేదు. నడిచింది. ఒక సందులోంచి నింపాదిగా నడుచుకుంటూ పోయింది.

అరుపు గాల్లోనే చప్పబడిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. “రీలు మారిందిరోయ్!” అని బాల్కనీలోంచి కేక. తలుపు తెరుచుకుంది. మనవరాలు, “నానమ్మా! ఎంత సన్నగా ఉన్నావో!” అని ఫోను పైకెత్తి ఫోటో తీసింది. తెర మీది పిల్ల నోరు తెరిచి, “ఆవిడున్నన్నాళ్లూ ఈ తలుపుకి గడియే పెట్టలేదంట” అంది.

“గడియ పెట్టండమ్మా, మేం పోతాం!” అన్నాడెవడో.

హాలు పగలబడి నవ్వింది. రెండో ముక్క ఆ నవ్వుల కింద పడి ఎవరికీ వినబడలేదు, ఆమెకు కూడా. హీరో మెట్టు మీద కూలబడ్డాడు. ఏడవడం మొదలుపెట్టాడు. కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత, “మా హీరో ఏడవడు!” అని ఒకడు, “ముందుకు తిప్పండి!” అని ఇంకొకడు. కొందరు టీ తాగడానికి లేచారు. తెర మీద వాళ్ల తలల నీడలు పడ్డాయి. ఏడుస్తున్న మొహం మీదుగా, గ్లాసు పట్టుకున్న పిల్ల మీదుగా ఆ నీడలు వంగి వంగి నడుచుకుంటూ పోయాయి. ఆమె పక్కకు తిరిగి కొడుకును చూసింది. అతను అరవలేదు, నవ్వలేదు. తల వంచుకుని చొక్కా గుండీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. తల్లి కోసం సిగ్గుపడుతున్నాడో, హీరో కోసం సిగ్గుపడుతున్నాడో చీకట్లో తెలియలేదు.

చివరికి తన్ను వచ్చింది. ఈలలు వేశారు గాని మునుపటి ఊపు లేదు.

వారం తిరక్కుండా మనవరాలు ఏదో చూస్తూ నవ్వబోయి ఆగిపోవడం ఆమె గమనించింది. “ఏమిటే అది?” అంటే ఆ పిల్ల ఫోను దాచబోయింది. లాక్కుని చూసింది. థియేటరు ముందు కాలి బొమ్మ టీషర్టుల గుంపు, గుంపు ముందు మైకులు, మైకుల ముందు తన కొడుకు. “మేం చూస్తూ పెరిగిన సినిమా మాకు కావాలి. ఆ తలుపు సీను మా హీరోని మా కళ్ల ముందే కుంగదీసింది. దయచేసి తీసేయండి” అంటున్నాడు. గొంతు వణకలేదు. బాగానే చెప్పాడు.

“నా ఫోటో ఇంటర్నెట్లో పెట్టానన్నావు కదా, ఏదీ?” అని అడిగింది మనవరాలిని.

“తీసేశాను నానమ్మా. కింద ఏవేవో రాస్తున్నారు. నువ్వు చూస్తే బాధపడతావని.”

కొడుకు ఇంటికొచ్చేదాకా ఆమె వాకిట్లోనే కూర్చుంది.

“నువ్వేనా అలా అన్నది?”

“సంఘం తరఫునమ్మా. నా సొంత మాట కాదు.” చెప్పులు విప్పుతూ అన్నాడు. “అయినా పూర్తిగా పోగొట్టరు. దాన్ని విడిగా ఇంటర్నెట్లో పెడతామన్నారు సినిమా కంపెనీవాళ్లు. ఎవరికి కావాలంటే వాళ్లు చూసుకోవచ్చు. ఒకరకంగా నీకే మంచిది.”

“మొదట్లో ఉన్నది అదేరా. అదే అసలు సినిమా.”

అతను మెట్టు మీద కూర్చున్నాడు. మాటలు వెతుక్కున్నాడు. “నీకు అది అసలు, అమ్మా. నేను నాన్న భుజమ్మీద కూర్చుని చూసింది ఇది. నాన్న నా కాళ్లు పట్టుకుని, ఇదిగో చూడరా, ఇప్పుడు తంతాడు అన్నాడు. తన్నాడు. నాకు అదే అసలు. ఇన్నాళ్లకు ఎక్కడో బీరువాలో దొరికిందని తెచ్చి, నువ్వు చూసింది సినిమా కాదంటే నేనెలా ఒప్పుకోను?”

వాడన్నదీ నిజమే. అది నిజం కావడమే ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ మంట పుట్టించింది.

అతను గొంతు తగ్గించాడు. “ఆదివారం సభ పెడుతున్నాం. నిన్ను వేదిక మీద కూర్చోబెట్టి గౌరవిద్దామంటున్నారు. ఒక్కమాట చెబితే చాలు. సినిమా మంచి కోసం ఆ సీను తీసేయడమే సబబు అని. నువ్వే అంటే గొడవంతా చల్లారిపోతుంది.”

ఆమె నవ్వింది. మొగుడు ఎన్ని జోకులు వేసినా ఆమె ఇంత గట్టిగా నవ్వలేదు.

“మీ నాన్న పోయేదాకా లేదు లేదన్నారు. ఇప్పుడు ఉంది, కానీ వద్దు అంటున్నారు. లేదన్నప్పుడే నయంరా. అప్పుడు అది నా ఒక్కదానిదైనా అయ్యేది.”

“అది కాదమ్మా...”

“లోపలికెళ్లు. అన్నం చల్లారిపోతోంది.”

మర్నాడు ఆమె ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆ సంస్థకు వెళ్లింది. సంస్థ అమ్మాయి కంగారుగా ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది. “క్షమించండమ్మా. హక్కులు కంపెనీవాళ్లవి, మా చేతిలో ఏమీ లేదు. రేపట్నుంచి కత్తిరించిందే వేస్తారు. పూర్తి కాపీ మాత్రం మా దగ్గర భద్రంగా ఉంటుంది. ఎవరొచ్చి అడిగినా చూపిస్తాం.”

“నేనడుగుతున్నాను. చూపించు.”

చిన్న గది. నాలుగు కుర్చీలు, గోడంత కూడా లేని తెర. పక్క గదిలోంచి ఆ అమ్మాయే యంత్రం నడిపింది. ఈసారి ఎవరూ అరవలేదు. గేటు, కాలు, సందు, తలుపు. రెండు ముక్కలూ వినబడ్డాయి. పిల్ల చక్కగానే చెప్పింది, గొప్పగా కాదు, చక్కగా. హీరో ఏడుస్తుంటే ఆమె ఆయన్ని చూడలేదు. మెట్టు మీద పెట్టిన గ్లాసు వైపే చూసింది. ఆయన ఆ నీళ్లు తాగలేదు. అప్పట్లో ఆ సంగతి గమనించనే లేదు.

ఇన్నేళ్లకు అడ్డు లేకుండా చూసినందుకు కళ్లు తడవాల్సింది. తడవలేదు. మొగుడి ‘సరేలే’ చెవిలో మోగుతూ ఉంది.

“ఎన్నాళ్లుంటుందమ్మా ఇది?” అని అడిగింది, ఆ అమ్మాయి రీళ్లు డబ్బాల్లో సర్దుతుంటే.

“చల్లగా, చీకట్లో ఉంచితే చాలా ఏళ్లమ్మా. మీ మనవరాలి మనవలు కూడా చూడొచ్చు. మాటిమాటికీ వేస్తే గీతలు పడతాయి, అందుకే ఎక్కువ వేయం.”

“అంటే ఎవరూ చూడకుండా ఉంటేనే బతికుంటుందన్నమాట.”

ఆ అమ్మాయి డబ్బా మూత బిగించింది.

ఇంటికొచ్చేసరికి కొడుకు గుమ్మంలో ఉన్నాడు. “ఎక్కడికెళ్లావమ్మా చెప్పకుండా?”

“ఆసుపత్రికి. మోకాలు చూపించుకోవడానికి.”

“చెబితే నేను బండి మీద తీసుకెళ్లేవాణ్ణి కదా.”

“నీకెందుకులే శ్రమ” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం సభకు ఆమె వెళ్లలేదు. సభ బాగా జరిగిందట. ‘ఆరోగ్యం బాగోక అమ్మ రాలేకపోయారు, వారి ఆశీస్సులు మనకున్నాయి’ అని కొడుకు మైకులో చెప్పాడట. అది కూడా మనవరాలి ఫోన్లోనే చూసింది. కత్తిరించిన కాపీ ఆ ఏడాదంతా విరగబడి ఆడింది. మనవరాలు స్నేహితురాళ్లను వెంటేసుకుని వెళ్లి చూసి, తన్ను దగ్గర గొంతు పోయేలా అరిచి వచ్చింది. ఇంటర్నెట్లో విడిగా పెట్టిన ముక్కను మొదట్లో కొందరు చూశారు. ఎగతాళి చేయడానికి చూసినవాళ్లకు కూడా త్వరలోనే విసుగొచ్చింది.

సంస్థ అమ్మాయి ఎప్పుడైనా ఫోన్ చేసి యోగక్షేమాలు అడిగేది. ఒకరోజు ఉత్సాహంగా, “అమ్మా, పూర్తి కాపీ చూస్తానని ఒకతను వచ్చాడు. విద్యార్థి. పాత సినిమాల మీద ఏదో రాస్తున్నాడట” అంది.

“చూశాడా?”

“విశ్రాంతి దాకా చూశాడమ్మా. తర్వాత బస్సుకు టైమైందని... మళ్లీ వస్తానన్నాడు.”

“వచ్చాడా?”

ఆ అమ్మాయి మాట మార్చి, భోజనం చేశారా అని అడిగింది.

“ఫోన్ చేశావు, సంతోషం తల్లీ” అంది ఆమె. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఫోను పెట్టేసి వెళ్లి మంట తగ్గించింది.